కత్తి తిప్పినంతసేపు

నీ పేరు పిలవడానికి ఇంకో గంట పడుతది పెద్దాయనా, కూసో, అని చెప్పి బంట్రోతు మళ్ళీ తలుపు వెనక్కు పోయాడు. గంటసేపు కూర్చోవడం జానయ్యకు కష్టం కాదు. ముప్పై ఒక్క ఏండ్లు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు పక్కన కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడ్డవాడికి కూర్చోవడమే పండుగ. ఎల్బీనగర్ కోర్టు వరండాలో సిమెంటు బల్ల చల్లగా ఉంది. చలికాలపు ఎండ నల్లకోట్ల మీద పడి వాటి మీది దుమ్మును చూపిస్తోంది. బయట రోడ్డు మీద విజయవాడ బస్సులు హారన్లు కొడుతున్నాయి. బల్లకు ఈ చివర తను, మధ్యలో టిఫిను డబ్బా ఒడిలో పెట్టుకుని భార్య ఆండాలు, ఆ చివర ఆండాలు తమ్ముడు లింగస్వామి. బావా బామ్మర్దుల మధ్య మాట ఆగి పద్నాలుగు నెలలు. లింగస్వామి కుడిచెయ్యి తొడ మీద వెల్లకిలా పడుకుని ఉంది, ఎవరైనా ఏదైనా అందులో పెడతారేమో అన్నట్టు. అది ఇంక బోర్లా తిరగదు. తిరగదు కనుక ఆటో హ్యాండిలు పట్టదు. ఆ చెయ్యి విరగ్గొట్టింది జానయ్యే, బోండాలు కొట్టే కత్తితో. ఈ పూట జడ్జీసారు నిలబెట్టి అడగబోయేది అదే, ఎట్లా కొట్టావు, కొట్టినప్పుడు నీ మనసులో ఏముంది అని. అడగనీ. జానయ్యకు తెలుసు. ఈ కోర్టులో ఇంకెవరికీ తెలియనిది అదొక్కటే, అది తన దగ్గర భద్రంగా ఉంది.

చదివింది మూడో తరగతి. అక్షరాలు నిలవలేదు గాని అంకెలు నిలిచాయి, బస్సుల నెత్తిన అంకెలు ఉంటాయి కాబట్టి. ఎవరు వచ్చి మలక్‌పేటకు ఏది పోతుంది, వనస్థలిపురానికి ఏది పోతుంది అని అడిగినా నోటితో చెప్పేవాడు కాదు, కత్తి కొసతో చూపించేవాడు. కేసు కాగితం మీద మూడు వందల ఇరవై ఆరు అని ఉంది, పదునైన ఆయుధంతో గాయపరిచిన సెక్షను. లాయరమ్మ వర్ష దాన్ని మూడు వందల ఇరవై అయిదు చేయాలంటుంది. ఒక్క అంకె. అర్థమైన రోజు జానయ్య దాన్ని బస్సుల్లాగే పెట్టుకున్నాడు మనసులో: ఇరవై ఆరు ఎక్కితే చెర్లపల్లి జైలు దాకా ఎక్కడా ఆగదు, పదేండ్లు, జడ్జి తలచుకుంటే బతుకంతా, ఇద్దరం ఒకటైనామని అరిచినా డ్రైవరు వినడు. ఇరవై అయిదు కూడా ఏడేండ్ల దాకా పోయే బండే, కాని దానికి మధ్యలో ఒక స్టాపు ఉంది. దెబ్బ తిన్నవాడు చెయ్యెత్తి రాజీ అంటే, జడ్జి సరే అంటే, అక్కడ దిగి ఇంటికి పోవచ్చు. దెబ్బ తిన్నవాడు ఇదే బల్ల మీద కూర్చుని గోడ మీది పాత నోటీసు చదువుతున్నాడు. పొద్దుటి నుంచి అదే నోటీసు. అందులో అంత చదవాల్సింది ఏముందో.

వర్ష అప్పుడు పిల్ల. బండి పక్కకే ఇంటరు ట్యూషనుకు వచ్చేది, సరూర్‌నగర్ చెరువు వెనక ఇల్లు, లేత కొబ్బరి ఉన్నది కొట్టు తాతా అని వేలు పెట్టి చూపించేది, ఆమె వేలు పెట్టిన బోండంలో ఎప్పుడూ నీళ్ళే తప్ప కొబ్బరి ఉండేది కాదు. ఇప్పుడు నల్లకోటు. తెలంగాణ కోసం లాయర్లు కోర్టులు బందు పెట్టి వాయిదా మీద వాయిదా పడిన రోజుల్లో, పని లేని ఒక మధ్యాహ్నం, కోర్టు బయట చెట్టు కింద కూర్చోబెట్టి చెప్పింది. "ఈ చట్టం ఇంగ్లీషోళ్ళు రాసిపెట్టి పోయిందే తాతా. వాళ్ళ దేశంల ఇప్పటికి గూడ గట్లనే జూస్తరు. దెబ్బ ఎంతది, తెగిందా ఇరిగిందా, కొట్టెటోని మనసుల ఏముండె. తెగింది అనాల్నంటే తోలు పొరలన్ని తెగాలె. ఒకని కంటికి తగిలి లోపట నెత్తురు కమ్మితే గూడ, తోలు తెగలే గదా, అది గాయం లెక్కకు రాదన్నరట. మనసు సంగతి ఇంక జబర్దస్తు. పెద్ద దెబ్బే తగలాలె అనుకొని కొడితే బతుకంత జైలు. ఏదో ఇంత తగుల్తదిలే అనుకొని కొడితే, అది పోయి పెద్దదైతే, అయిదేండ్లు. దెబ్బ ఒక్కటే తాతా. మనసు వేరు." జానయ్య, "మనసు ఎట్ల జూస్తరు బిడ్డా?" అన్నాడు. ఆ పిల్ల, "చెయ్యి జేసిన పని జూసి" అంది. ఆ మాట నచ్చింది జానయ్యకు. ఏడు సముద్రాల అవతల ఉన్న తెల్లవాళ్ళకు కూడా ఈ సంగతి తెలుసన్నమాట. మనిషి నోరు ఏమన్నా అంటుంది. చెయ్యి చేసిందే చేసినట్టు.

చెయ్యి సంగతి తనకు తెలిసినంత ఎవరికి తెలుసు. బోండం ఎడమ అరచేతిలో కూర్చుంటుంది, కత్తి కుడిచేతిలో. పదునువైపు మూడు చెక్కులు, నాలుగో దెబ్బకు మూత లేస్తుంది, నీళ్ళ చుక్క కింద పడదు. ఎండు కొబ్బరికాయ పగలగొట్టాలంటే మాత్రం కత్తి పిడికిట్లో సగం తిరగాలి, మొద్దువైపు ముందుకు రావాలి, కాయ నడుము మీద టక్కున ఒకటి, కాయను తిప్పి ఇంకొకటి, రెండు చిప్పలు. పదునుతో కొడితే చిప్ప పగలదు, కత్తి అందులో ఇరుక్కుంటుంది. పదును నుంచి మొద్దుకు, మొద్దు నుంచి పదునుకు రోజుకు ఎన్నిసార్లు తిరుగుతుందో కత్తి, జానయ్య చూడడు, కళ్ళు బస్సుల మీద ఉంటాయి. కాని తిరిగిన సంగతి చేతికి తెలుస్తుంది. చీకట్లో అన్నం తినేవాడి ముద్ద ముక్కులోకి పోతుందా? ఇదంతా నేర్పింది సైదమ్మ, మలక్‌పేట రేసుకోర్సు గేటు దగ్గర బోండాలమ్మిన ముసలామె, నోట్లో ఎప్పుడూ తమలపాకు. పల్లె నుంచి వచ్చిన కొత్తలో ఆరు నెలలు ఆమె కింద పనిచేశాడు. మొదటిరోజే, కత్తి ఇయ్యి అవ్వా అని చెయ్యి చాపితే ఆ చేతి మీద చిన్న దెబ్బ వేసింది. "కత్తి చేతికియ్యొద్దు, చేతిల తీస్కోవద్దు. కింద వెడ్త, నువ్వు తీస్కో. ల్యాకుంటె నీకు నాకు కొట్లాటైతది. నీ తోని కొట్లాటకు నాకు పండ్లు లెవ్వు." ఆ రోజు నుంచి ఈ రోజు దాకా జానయ్య ఒక మనిషి చేతికి కత్తి ఇచ్చింది లేదు, ఒక మనిషి చేతి నుంచి తీసుకున్నదీ లేదు. బండి మీద పెడతాడు. వాళ్ళు తీసుకుంటారు.

పోలీసు జీపు వచ్చిన రోజు కూడా అంతే చేశాడు. ఇయ్యరా కత్తి అని కానిస్టేబులు చెయ్యి చాపితే ఇవ్వలేదు, జీపు బానెటు మీద పెట్టాడు. కానిస్టేబులు, చేతికియ్యమంటె చెవుడా అన్నాడు. జానయ్య చేతులు వెనక్కు కట్టుకున్నాడు. కాగితం రాసిన ఆయన ఆయుధం అప్పగించుటకు నిరాకరించినాడు అని రాశాడు, దాని పైన కత్తితో నరికినాడు అనీ రాశాడు. నరికినాడట. నరికితే ఆ చెయ్యి ఈ రోజు ఆ తొడ మీద ఉండేదా? ముదురు బోండాన్ని రెండుగా చీల్చే కత్తి. లోకంలో ఎవరిని అడిగినా చెప్తారు. కాని నువ్వెందుకు మాట్లాడలేదు అప్పుడే, అని వర్ష ఎన్నిసార్లు అడిగిందో. ఎవరూ అడగలేదు కాబట్టి.

అది సకల జనుల సమ్మె నెల. బస్సుల్లేవు, బళ్ళల్లో పాఠాలు లేవు, బొగ్గు బావులు కూడా ఆగాయని చెప్పుకున్నారు. రోడ్డు మీద అన్నాలు వండితే ఆండాలు గంటె తిప్పింది, జానయ్య ఎండలో నినాదాలిచ్చేవాళ్ళకు ఉచితంగా బోండాలు కొట్టాడు, ఒక్క మాట అనలేదు గాని తెలంగాణ రావాలని ఆయన చెయ్యి కూడా అంటూనే ఉంది. ఆ రోజు ఊరేగింపులో లింగస్వామి ముందు వరసలో ఉన్నాడు, ఖాకీ చొక్కా, గొంతు పోయింది, కళ్ళు ఎర్రగా. బండి వెనకాల మల్లికార్జునరావు బ్యాగుల దుకాణం, గుంటూరు వైపు మనిషి, షట్టరు సగం దించి ఉంది, సగం కింద అద్దం, అద్దం లోపల నేల మీద కూర్చుని బిల్లులు రాసే నాగేశ్వరి, బయటికి రావడానికి భయపడి ఉండిపోయిన పిల్ల. షట్టరు మొత్తం దించుమని ఎవడో అరిచాడు. లింగస్వామి బండి మీద నుంచి ఒక బోండం తీసుకున్నాడు. తాగడానికనుకున్నాడు జానయ్య. అది తల మీదికి లేచింది.

"పెట్టు లింగసామీ. అది నాది."

"నీదేంది బావా, ఇది గూడ కోనసీమ లారీల ఒచ్చిందేనాయె. ఆంధ్రా బోండం ఆంధ్రా అద్దానికి! లెక్క సాఫ్!"

జనం నవ్వారు. జానయ్యకు కూడా నవ్వొచ్చింది, అది నిజమే, కొత్తపేట మార్కెట్టులో ఆ లారీ నుంచి దింపించుకున్నది తనే. నవ్వు నోటి దాకా వచ్చేలోపల లింగస్వామి చెయ్యి ఇంకా వెనక్కు పోయింది, అద్దం వెనక నాగేశ్వరి రెండు చేతులూ మొఖానికి అడ్డం పెట్టుకుంది, జానయ్య చేతిలో కత్తి పదునువైపు ఉంది, అప్పుడే ఎవరికో బోండం చెక్కుతున్నాడు, తర్వాత కత్తి మొద్దువైపు ఉంది, తర్వాత టక్కున చప్పుడు. ఎండు కాయ చప్పుడు. ఆ చప్పుడు ముప్పై ఏండ్లు విన్నాడు కాబట్టి అది ఏమిటో లింగస్వామి కంటే ముందు ఆయనకే తెలిసింది. బోండం కింద పడి దొర్లుకుంటూ డివైడరు దాకా పోయింది. చేతి మీద తోలు చెక్కుచెదరలేదు. ఒక్క నెత్తురు చుక్క లేదు. లోపల మాత్రం రెండు ముక్కలు.

తర్వాత ఒకరోజు మల్లికార్జునరావు బండి దగ్గరికొచ్చి, "మా అద్దం కోసం మీవాణ్ణి కొట్టుకున్నారా బాబాయ్, ఏమిటండీ ఇది" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అద్దం కోసం కాదు అనాలనుకున్నాడు జానయ్య. బోండం నాది, నేను దాహానికి అమ్మేది, అది ఒకరి మొఖం మీద పడొద్దు, అంతే. అంత పొడుగు మాట రాలేదు. కొత్త కత్తితో ఒక బోండం కొట్టి ఇచ్చాడు.

ఇక్కడి దాకా అంతా గట్టి నేల. ఇక్కడ ఒకచోట మాత్రం కాలు జారుతుంది, పద్నాలుగు నెలల్లో చాలాసార్లు జారింది, ఇప్పుడు కూడా బల్ల అంచు పట్టుకోవలసి వచ్చింది. డాక్టరమ్మ పోయిన వాయిదాలో సాక్ష్యం చెప్పింది, ఇది ఫ్లోరైడు నీళ్ళు తాగిన ఎముక, చిన్న దెబ్బకే విరుగుతుంది, మామూలు మనిషికైతే వాపు వచ్చి పోయేది అని. వర్ష మొఖం వెలిగింది. చూసినవా తాతా, నీకు తెలువదు గదా ఆయన ఎముక గసొంటిదని! జానయ్య తల ఊపలేదు. తెలుసు. లగ్గమైన కొత్తలో మర్రిగూడ వైపు అత్తగారి ఊరికి పోతే అత్త లచ్చమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది, తియ్యగా ఉన్నాయి, తాగు అల్లుడా, మా బాయి నీళ్ళు చెక్కెర లెక్కనే ఉంటయి అంది. ఆ లచ్చమ్మే పదేండ్లు తిరిగేసరికి మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూసేది. ఊళ్ళో పిల్లల పండ్లకు గోధుమరంగు చారలు. లింగస్వామి నవ్వితే ఇప్పటికీ కనిపిస్తాయి, నవ్వితే కదా. ఆండాలు మోకాళ్ళు వంగవు, ఈ బల్ల మీద కూడా కాళ్ళు బార్లా చాపుకునే కూర్చుంది. ఆ ఇంటి ఎముకలు సున్నం ముద్దలని జానయ్యకు తెలుసు. మరి తెలిసీ కొట్టినట్టేనా? పెద్ద దెబ్బే తగలాలని కొట్టినట్టేనా? తెల్లవాళ్ళ లెక్కలో అది బతుకంతా కదా? ఎన్ని తెల్లవారుజాములు దీన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడో. చూసి చూసి ఒకటి తేల్చుకున్నాడు, తేల్చుకున్నాక మళ్ళీ నిద్ర పట్టింది. రెప్పపాటులో ఒక్క ఆలోచనకే జాగా ఉంటుంది. ఎముక ఆలోచన ఆ రోజు ఆ జాగాలోకి రాలేదు. అప్పటికే అక్కడ ఇంకొకటి కూర్చుంది. చెయ్యి దాని మాటే విన్నది, సగం తిరిగింది.

ఆండాలు డబ్బా మూత తీసింది. జొన్నరొట్టె, వంకాయ కూర. ఒక ముక్క తుంచి మొగుడికిచ్చింది, ఒకటి తమ్ముడికిచ్చింది, ఇద్దరూ గోడకు చెప్పుకుంటున్నట్టు గోడను చూస్తూ తిన్నారు. తర్వాత ఆమె మెల్లగా జరిగి, "ఇంటున్నవా? తమ్ముడు రాత్రి ఫోన్ల ఒక్క మాటన్నడు" అంది. "బావ చెయ్యి జారింది అని జడ్జీసారు ముంగట అంటె, నేను రాజీకి సంతకం పెడ్త అన్నడు. కావాల్నని కొట్టిండంటె మాత్రం పెట్టడట. చెయ్యి పోయినందుకు కాదక్కా, బావ నన్ను కొట్టాల్నని కొట్టిండా అని తెలువక పెయ్యి మండుతుంది అన్నడు. జర గా ఒక్క మాట అనరాదు? లాయరు పిల్ల గూడ గదే అనమన్నది గదా?"

అవును, వర్ష కూడా అదే అంది. జారింది అంటే ఇష్టపడి కొట్టినట్టు కాదు తాతా, కేసే పల్చబడ్తది. కొట్టిన అన్నవో, ఇష్టపడి కొట్టినట్టు నీ నోటి తోనే ఒప్పుకున్నట్టయితది. అందరికీ జారాలి. జారడం ఎంత సులువైన మాట. నాలుక కూడా దాని మీద జారుతుంది. జానయ్య తన కుడిచేతిని చూసుకున్నాడు. కాయలు కాసిన చెయ్యి, బొటనవేలు మొదట్లో కత్తి పిడి ఆనే చోట నల్లటి మచ్చ. ముప్పై ఒక్క ఏండ్లలో ఈ చేతిలోంచి కత్తి ఒక్కసారి జారి ఉంటే ఎడమచేతికి అయిదు వేళ్ళుండేవా? ఎంచుకున్నాడు. అయిదు. కత్తి జారిందని ఒప్పుకుంటే ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: ఆ క్షణంలో చేతిలో జానయ్య లేడని. లేకుంటే మొద్దువైపు తగలడం అదృష్టం, పదును తగలకపోవడం అదృష్టం. అదృష్టం కాదు. ఉన్నాడు. మొత్తం ఉన్నాడు.

"అంటవా?" అంది ఆండాలు.

"సూద్దాం" అన్నాడు. ఆమె నిట్టూర్చి మూత పెట్టింది. నలభై రెండు ఏండ్ల కాపురంలో ఆ మాట ఎన్నిసార్లు విన్నదో, విన్న ప్రతిసారీ ఆయన అప్పటికే చూసేసి ఉన్నాడని ఆమెకు తెలుసు.

జానయ్యా, జానయ్యా, జానయ్యా, అని బంట్రోతు మూడుసార్లు అరిచాడు, ఎదురుగా ఉన్న మనిషిని ఎక్కడో ఊరవతల ఉన్నట్టు. లోపల ఫ్యాను తిరగడం లేదు. జడ్జీసారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. చిన్నవాడే, కొడుకు ఈడు. ఎవరో సీలు విప్పి గుడ్డ మూట తెరిచారు, కత్తి బయటికి వచ్చింది, తుప్పు పట్టింది పాపం, నూనె లేక పద్నాలుగు నెలలు. బంట్రోతు దాన్ని పట్టుకొచ్చి, ఇది నీదేనా, తీసుకుని చూసి చెప్పు, అని జానయ్య మీదికి చాపాడు. జానయ్య చేతులు వెనక్కు పోయాయి.

"తీస్కోవయ్యా."

"కింద వెట్టుండ్రి."

"సారు చెప్తుండు, తీస్కో!"

జానయ్య కదలలేదు. ఇంకా నిరాకరిస్తున్నాడు సార్ అని ఆ వైపు లాయరు లేచాడు. అప్పుడు వెనక నుంచి, గోడ పక్క నుంచి, పద్నాలుగు నెలలుగా వినని గొంతు. "సార్, మా బావ కత్తి చేతికియ్యడు, చేతిల తీస్కోడు సార్. కొట్లాటైతదని. గాయన పద్ధతే గది. జర బల్ల మీద పెట్టిపియ్యుండ్రి."

జడ్జీసారు లింగస్వామి చేతి వైపు చూశారు, కత్తి వైపు చూశారు. "ఇంకా ఏం కొట్లాట మిగిలిందయ్యా మీకు?" అన్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఒక్కసారిగా గదంతా నవ్వింది, బంట్రోతు కూడా. లింగస్వామి నవ్వు ఆపుకోలేక పైపండ్లు బయటపడ్డాయి, గోధుమరంగు చారలు. కత్తి బల్ల మీదికి వచ్చింది. జానయ్య పిడి పట్టుకున్నాడు. చెయ్యి దాన్ని గుర్తుపట్టింది.

"నాదే సార్."

"ఆ రోజు నీ చెయ్యి జారిందా? ఏం జరిగింది?"

గది మళ్ళీ చల్లబడింది. ఆండాలు డబ్బాను రొమ్ముకు హత్తుకుంది. వర్ష కళ్ళు జారింది అను అంటున్నాయి. లింగస్వామి నవ్వు ఆగిపోయింది, వాడి కళ్ళు అదే అంటున్నాయి, అడుక్కుంటున్నాయి. జానయ్యకు ఆ చూపు తగిలింది. తగిలినా నేల కదలలేదు.

"జారలే సార్. కొట్టిన. పదును ముంగటుండె." పదునువైపు చూపించాడు. పిడికిట్లో కత్తి సగం తిరిగింది. ఎంత చిన్న కదలిక, వెనక వరసలో వాళ్ళకు కనిపించి కూడా ఉండదు. "తిప్పిన. తిప్పి కొట్టిన."

జడ్జీసారు కలం ఆపారు. "అంత తొందరలో తిప్పడం ఎందుకు?"

ఈయనెవరో ఇంత చదువుకున్నాడు, ఇది కూడా అడుగుతున్నాడు. జానయ్య కత్తిని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"బామ్మర్ది గద సార్."

జడ్జీసారు డాక్టరు కాగితం ముందుకు లాక్కుని తోలు తెగలేదన్న మాట దగ్గర వేలు పెట్టారు, చాలాసేపు రాసుకున్నారు, తర్వాత వర్షతో ఇంగ్లీషులో ఏదో అన్నారు. జానయ్యకు అందులో అంకె ఒక్కటే అర్థమైంది. ఇరవై అయిదు. స్టాపు ఉన్న బండి. రాజీ కాగితం బల్ల మీద ఉంది, దానికి ఒక సంతకం తక్కువ. జానయ్య తల తిప్పి చూడలేదు, అడగలేదు. వెనక చెప్పుల చప్పుడు ఒక్కొక్క అడుగే దగ్గరికి వచ్చింది, పక్కన ఆగింది. లింగస్వామి ఊపిరి గట్టిగా వినిపిస్తోంది.

"ముందే చెప్తే ఏం పోయె బావా" అన్నాడు, గొంతు కింద నుంచి. "తిప్పిన్నని."

"నువ్వడగలే."

లింగస్వామి తిరగని చెయ్యి చాపాడు, వెల్లకిలా. పెన్ను జానయ్య ముందు ఉంది. జానయ్య దాన్ని తీసుకున్నాడు, బల్ల మీద పెట్టలేదు, ఆ అరచేతిలోనే పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే దాని మీద మూశాడు.